రమణమ్మకు అన్నగా మూడు రోజులు

మద్రాసులో, బీచికి నాలుగు వీధుల ఇవతల, ట్రిప్లికేనులో ఒక లాడ్జికి ఇరవై ఆరేళ్ళు మేనేజరుగా ఉన్నాను. మా తమ్ముడి మనవరాలు ఇప్పుడు హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతోంది. మొన్న వచ్చి, "తాతా, నీకు ఎంత ఎక్స్‌పీరియన్స్! మా క్లాసులో చదవడానికి ఏదైనా రాసివ్వు తాతా" అని సగం తమిళంలో, సగం ఇంగ్లీషులో అడిగింది. మధ్యలో తెలుగు ఉన్నది 'తాతా' అన్న మాట ఒక్కటే. సరేనన్నాను.

వాళ్ళకు అక్కడ టవలుతో హంస బొమ్మ చేయడం నేర్పిస్తున్నారట. మా లాడ్జిలో రూముకు ఒక టవలు ఇచ్చేవాళ్ళం. దానితో హంస కాదు కదా, పిచ్చుక కూడా అయ్యేది కాదు. ఒళ్ళు తుడుచుకున్నామన్న తృప్తి కోసం ఇచ్చేదే తప్ప దానివల్ల తడి ఆరేది కాదు. కాబట్టి టవళ్ళ గురించి నా దగ్గర చెప్పేదేమీ లేదు. నా తప్పుల గురించి చెబుతాను. అవి నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

ఉద్యోగం ఎలా దొరికింది

మా నాయనకు వాషర్‌మెన్‌పేటలో ఎండుమిరపకాయల హోల్‌సేలు అంగడి. చదువు అయ్యాక నన్నూ అక్కడే కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళ ఊరూ పేరూ, పిల్లల పెళ్ళిళ్ళూ, అత్తగారి మోకాళ్ళ నొప్పులూ నేను అడుగుతుంటే, పాపం వాళ్ళు ఏం కొనడానికి వచ్చారో మరిచిపోయి వెళ్ళిపోయేవాళ్ళు. ఆరు నెలలు చూసి మా నాయన తన స్నేహితుడు చెంచయ్య శెట్టి గారి దగ్గరికి నన్ను తీసుకెళ్ళాడు. "మావోడికి కూర్చోని మాట్లాడే ఉద్యోగం ఏదన్నా ఉంటే చూడప్పా. ఇంకే పనికీ రాడు" అన్నాడు. నా ఎదురుగానే అన్నాడు. శెట్టి గారికి లాడ్జి ఉంది. అలా చేరాను. ఆయన్ని మేమంతా తమిళ వాడుకలో ముదలాళి అనేవాళ్ళం, అంటే యజమాని అని.

మూడంతస్తులు, ఇరవై రెండు రూములు, లిఫ్టు లేదు. బోర్డు మీద పేరు కింద 'సముద్ర తీరంలో' అని రాయించారు. డాబా పైన నీళ్ళ ట్యాంకు ఎక్కి నిలబడితే రెండు మేడల సందులోంచి నీలంగా ఒక గీత కనిపించేది. ఎవరైనా "రూములోంచి సముద్రం కనిపిస్తుందా?" అని అడిగితే, "గాలి వస్తుంది సార్" అనేవాణ్ణి. ఆ గాలి కూడా పక్కింటివాళ్ళ వంటింటి మీదుగా వచ్చేది. అందులో ఉప్పు కన్నా తాళింపే ఎక్కువగా తెలిసేది.

ఇక నా సంగతి. వచ్చినవాళ్ళందరికీ బీచికి దారి చెప్పేవాణ్ణి గానీ నేను ఆ ఇసుక తొక్కి ఏళ్ళయింది. సాయంత్రం గెస్టుల కాళ్ళ నుంచి మెట్ల మీద రాలిన ఇసుక చూసి, సరే, సముద్రం ఇంకా అక్కడే ఉందన్నమాట అనుకునేవాణ్ణి.

రెండో అంతస్తు అరుపులు

మనుషుల్ని చూడగానే ఇట్టే పసిగడతానని నాకు గట్టి నమ్మకం. మీ మేస్టర్లు కూడా ఇదే నేర్పిస్తుంటారు. కాస్త జాగ్రత్త.

సినిమాల్లో వేషాల కోసం ఆంధ్రా నుంచి వచ్చిన ఇద్దరు మా దగ్గర రెండో అంతస్తులో దిగారు. ఒక మధ్యాహ్నం వాళ్ళ రూములోంచి "నిన్ను నరికి పోగులు పెడతానురా!" అని గావుకేక. నేనూ, మా రూముల పనులు చూసే పెద్దాయన మునుసామీ పరిగెత్తాం. ఆయన చేతిలో చీపురు, నా చేతిలో స్టాప్లరు. తలుపు తీస్తే ఇద్దరూ లుంగీల్లో అద్దం ముందు నిలబడి విలన్ వేషం సాధన చేస్తున్నారు. క్షమాపణ చెప్పి కిందికి వచ్చాను. ఆ రోజు నుంచి నాకొక సిద్ధాంతం ఏర్పడింది: రెండో అంతస్తులో అరుపులంటే నటన.

నెల తిరక్కుండా అదే అంతస్తులో ఎవరో మూలుగుతున్నారని ఇద్దరు గెస్టులు వచ్చి చెప్పారు. "బాగా చేస్తున్నాడు, పైకొస్తాడు" అన్నాను. మునుసామి టీ ఇవ్వడానికి వెళ్ళి చూస్తే, తెనాలి నుంచి వచ్చిన గుమాస్తా ఒకాయన మూత్రపిండంలో రాయితో నేల మీద మెలికలు తిరుగుతున్నాడు. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. బాగయ్యాక ఆయన వచ్చి, "ఎంత పిలిచినా మీరు రాలేదేమండీ" అని అడిగాడు. గోడలు బాగా మందం అని చెప్పాను. మా గోడలు ఎంత పలచనో ఆయనకూ తెలుసు.

అనుమానం వస్తే వెళ్ళి తలుపు తట్టాలి. ఆ పాఠం అప్పుడు నేర్చుకున్నాను. తంటా ఏమిటంటే, కావలసినదానికన్నా ఎక్కువ నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఎవరు అడిగినా, అడక్కపోయినా ప్రతి గెస్టు వ్యవహారంలోనూ తలదూర్చడం నా ఉద్యోగంలో భాగం అనుకున్నాను.

తాళంచెవుల ముందు కూర్చుని చెప్పిన అబద్ధం

ఇప్పుడు నీకు వింతగా ఉంటుంది గానీ, తొంభైల్లో మా వీధిలో లాడ్జీలు ఏవీ ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి రూము ఇచ్చేవి కావు. ఎక్కడా రాసిపెట్టి ఉండదు. "రూములు లేవమ్మా" అని ఒక్క మాట చెప్పేవాళ్ళం. వీపు వెనక బోర్డుకు తాళంచెవులు బారులు తీరి వేలాడుతుండగానే చెప్పేవాళ్ళం. నేనూ ఏళ్ళ తరబడి చెప్పాను. వాళ్ళు ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఒక జనవరి ఉదయం ముప్పై ఆరు, ముప్పై ఏడేళ్ళ మనిషి చేతిలో ఒక సంచీ, చంకలో పుస్తకాల కట్టతో వచ్చింది. పేరు రమణమ్మ. ఊరు కావలి.

"రూము కావాల సార్. మూడు రోజులకి."

"ఎంతమందమ్మా?"

"నేనొక్కదాన్నే."

"రూములు లేవమ్మా."

ఆమె నా తల మీదుగా వెనక బోర్డు వైపు చూసింది. "అవేంది సార్?"

"అవి... రిజర్వు చేసినవి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె సంచీ కింద పెట్టి బెంచీ మీద కూర్చుంది. "నాలుగు లాడ్జీలు తిరిగొచ్చినా సార్. ఆడా అన్నీ రిజర్వే, ఈడా అన్నీ రిజర్వే. మద్రాసుకి ఈ పొద్దు ఎవురన్నా పెద్దోళ్ళు వస్తా ఉండారా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చాక అబద్ధం చెప్పడం కష్టం. ఏం పని మీద వచ్చావని అడిగాను. ఇక్కడి యూనివర్సిటీ కరస్పాండెన్సులో బి.ఏ. చదువుతోందట. మిగిలినవి మూడే పేపర్లు. మరునాటి నుంచి వరసగా మూడు రోజులు, బీచికి ఎదురుగా ఉన్న హాల్లో పరీక్షలు.

"మా ఆయన పోయినాక ఆయన ఆఫీసులోనే నాకు ఉద్యోగం ఇచ్చినారు సార్. జూనియర్ అసిస్టెంటు. అయితే గడువు పెట్టినారు. ఈ ఆగస్టు లోపల డిగ్రీ చూపించకపోతే అటెండరుగా దించేస్తారు. ఇప్పుడు కూర్చోని సంతకం పెడతా ఉండా. అప్పుడు అదే ఆఫీసులో, అదే మనుషులకి నీళ్ళు మోయాల."

"తోడు ఎవరూ రాలేదా?"

"మా తమ్ముడు వస్తానన్యాడు. వాళ్ళ మామకి బాగలేదని ఆగిపోయినాడు. పరీక్ష ఆగదు గదా సార్."

ముదలాళికి ఫోను చేశాను. "ఏమప్పా, నీకు కొత్తా? ఆడకూతురు ఒంటిగా దిగిందంటే నాలుగు మాటలు పుడతాయి. పేరు పోతే ఎవురు తెస్తారు? మొగతోడు ఉంటే ఇయ్యి, లేకుంటే ఒద్దు" అన్నాడాయన.

"తోడు ఉంది ముదలాళీ."

"ఎవురు?"

"వాళ్ళ అన్న."

ఫోను పెట్టేసి రిజిస్టరు తీశాను. 'వెంట వచ్చినవారు' అన్న గడిలో నా పేరే రాశాను. 'సంబంధం' అన్నచోట 'అన్న' అని రాశాను. రాసి, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా పెన్ను మూత పెట్టాను. ఆమె తలకిందులుగా ఉన్న అక్షరాలను చదివి నా మొహం చూసింది.

"పేరుకేలేమ్మా" అన్నాను.

"సరే అన్నా" అంది ఆమె. "బాత్రూములో బకెట్టు ఉందా?"

అన్నగారి పెత్తనం

నాకు నిజంగా చెల్లెళ్ళు లేరు. ఉన్నవాళ్ళు ఎలా ఉంటారో తెలియక, సినిమాల్లో చూసిన అన్నలా ప్రవర్తించాను. వేషాలు దొరక్క ఇంకా రెండో అంతస్తులోనే ఉన్న ఆ విలన్లిద్దర్నీ సాధన మానుకోమన్నాను. వరండాలో ఎవరూ నిలబడకూడదని ఆర్డరు వేశాను. రమణమ్మకు మా ఇంటి నుంచి ఇడ్లీ తెప్పించాను. ఇక గంటకోసారి వెళ్ళి తలుపు తట్టి, "చదువుకుంటున్నావా అమ్మా?" అని అడిగేవాణ్ణి.

నాలుగోసారి ఆమె తలుపు తీసి, "మీరు తట్టకుంటే చదువుతా అన్నా" అంది.

దానికి నేను నొచ్చుకోలేదు. అన్నాచెల్లెళ్ళ మధ్య ఇలాంటివి మామూలే అనుకున్నాను.

మొదటి రెండు పరీక్షలకూ ఆమె వాలాజా రోడ్డు పట్టుకుని నడిచి వెళ్ళింది. పన్నెండు నిమిషాలు పడుతుందని వచ్చిన రోజు సాయంత్రమే వెళ్ళి చూసుకుంది. రెండూ బాగానే రాసింది.

రెండో పరీక్ష రోజు సాయంత్రం ముదలాళి వచ్చాడు. అలవాటు ప్రకారం రిజిస్టరు తిరగేశాడు. ఒకచోట వేలు ఆగింది.

"నీకు చెల్లెలు ఎప్పుడు పుట్టిందప్పా? మీ నాయన నాకు చెప్పనేలేదే!"

నేను ఏదో గొణిగాను. ఆయన రిజిస్టరు మూసేశాడు. "సరి, ఉండనీ. ఏమన్నా అయితే నీ తల మీద" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట నా బుర్రలో దూరింది. అప్పటిదాకా చేసింది ఉత్త పెత్తనం. ఇప్పుడు దానికి భయం కూడా తోడైంది. రేపొక్కరోజు గడిస్తే చాలు, ఆమెను నా చేతుల మీదుగా తీసుకెళ్ళి హాల్లో దించేస్తే ఇంకే గొడవా ఉండదు అనిపించింది. పన్నెండు నిమిషాలు నడిచే దారిలో ఏం గొడవ జరుగుతుందని నన్ను నేను అడగలేదు.

పైక్రాఫ్ట్స్ రోడ్డు మీదుగా

మూడో రోజు తొమ్మిదింబావుకు ఆమె హాల్‌టికెట్టు పట్టుకుని దిగింది. నేను అప్పటికే స్కూటరు తుడిచి వీధిలో నిలబెట్టాను.

"నడిచిపోతానన్నా. దగ్గరే గదా."

"ఎండలో ఎందుకమ్మా?"

మద్రాసులో ఎండ అని చెప్పుకోవడానికి వీల్లేని నెల జనవరి ఒక్కటే. ఆ నెలలోనే నేను ఆ మాట అన్నాను.

"అదీగాక, ఇన్ని రోజులుండి సముద్రం చూడకుండా పోతే ఎట్లా? బీచి రోడ్డు మీదుగా తీసుకెళ్తా. ఐదు నిమిషాలు" అన్నాను. ఆమెకు ఇష్టం లేదని మొహంలోనే తెలుస్తోంది. అయినా రూము ఇచ్చిన మనిషి మాట కొట్టేయలేక ఎక్కింది.

నేరుగా వాలాజా రోడ్డులో పోకుండా, బండిని పైక్రాఫ్ట్స్ రోడ్డులోకి తిప్పాను. రోడ్డు చివరికి వచ్చేసరికి అడ్డంగా బారికేడ్లు. ఎదురుగా సముద్రం, దాని ముందు వరసగా పోలీసులు, గుర్రాలు, బ్యాండు. రిపబ్లిక్ డే పెరేడుకు రిహార్సలు. ప్రతి జనవరిలోనూ జరిగేదే. ఆ రోజుల్లో పొద్దున బీచి రోడ్డు మూసేస్తారని మా వీధిలో వేరుశనక్కాయలు అమ్మే ఆమెకు కూడా తెలుసు. ఏళ్ళ తరబడి బీచి మొహం చూడని నాకొక్కడికే తెలియదు.

వెనక్కి తిప్పుదామంటే వెనక బస్సులు. కానిస్టేబులు మమ్మల్ని కుడివైపుకు పొమ్మన్నాడు. పరీక్ష హాలు ఎడమవైపు ఉంది.

"అన్నా, ఈడ దిగి నడుస్తా" అంది రమణమ్మ.

అప్పుడు టైము తొమ్మిదిన్నర కాలేదు. ఫుట్‌పాత్ మీద జనం హాయిగా నడిచిపోతున్నారు. అక్కడ దిగి ఉంటే పదికి ముందే హాల్లో ఉండేది.

"ఊరికే కూర్చోమ్మా. నేను ఈ ఊళ్ళో పుట్టినోణ్ణి" అన్నాను.

శాంథోం వైపు కొంత దూరం పోయి పడమరకు తిరిగాం. అక్కడ పెరేడుకు పిల్లల్ని దింపి వచ్చిన స్కూలు బస్సులన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. పది నిమిషాలు కదల్లేదు. "దిగుతానన్నా" అని ఆమె మళ్ళీ అంది. "నాకు ఒక సందు తెలుసు" అన్నాను. సందులోకి దూరాం. నాకు తెలిసిన ఆ సందు చివర ఎవరో గోడ కట్టేశారు. గోడ పాతబడి నాచు కూడా పట్టింది. దాన్ని బట్టి నాకు ఈ ఊరు ఎంత బాగా తెలుసో నువ్వే అర్థం చేసుకో.

వెనక్కి వచ్చి రాయపేట దాకా చేరేసరికి పది దాటింది. అక్కడ సిగ్నలు దగ్గర ఆమె ఇక అడగలేదు. దిగి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని పరుగెత్తింది. నేను "అమ్మా, ఆగు! రమణమ్మా!" అని అరుస్తూ ట్రాఫిక్కులో ఇరుక్కున్నాను.

నేను హాలు దగ్గరికి చేరేసరికి ఆమె మూసిన తలుపు ముందు నిలబడి ఉంది. పదిన్నర వరకే లోపలికి రానిస్తారు. ఆమె వచ్చేసరికి ఇంకో పది నిమిషాలు దాటిపోయాయట. తలుపు దగ్గరున్న పెద్దమనిషి కోప్పడలేదు, జాలిగానే చెబుతున్నాడు, రూలమ్మా, నా చేతిలో లేదమ్మా అని. నేను రొప్పుతూ మధ్యలో దూరి, "సార్, తప్పు నాది. నేను ఈమె అన్నను. నేనే తీసుకొచ్చాను" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "మీరే తీసుకొచ్చారా?" అన్నాడు.

రమణమ్మ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. రోడ్డవతల బ్యాండు ఇంకా మోగుతూనే ఉంది. నేను పక్కన నిలబడి, మళ్ళీ రాయవచ్చు కదమ్మా, జూన్‌లో ఉంది కదా అని ఏదేదో వాగాను. ఆమె తలెత్తింది.

"మీరు రూము లేదనే చెప్పుంటే, నేను స్టేషన్లో పడుకోనుండేదాన్నన్నా. పరీక్ష మాత్రం రాసుండేదాన్ని."

కోపంగా అనలేదు. లెక్క చూసుకున్నట్టు నింపాదిగా అంది. నాకు ఏడుపొచ్చింది. నలభై ఏడేళ్ళ మగవాణ్ణి, నడిరోడ్డు పక్కన కండువాతో మొహం తుడుచుకున్నాను. ఆమె ఏడవలేదు. ఆ మధ్యాహ్నం బండికే కావలి వెళ్ళిపోయింది.

జూన్

ముదలాళికి జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. "మీ నాయన నిన్ను మిరపకాయల అంగట్లో ఎందుకు పెట్టుకోలేదో ఇప్పుడు తెలిసిందప్పా" అన్నాడు. "ఆ పిల్ల మళ్ళీ రాయొచ్చునా?" అని అడిగాడు. జూన్‌లో రాయొచ్చునన్నాను. "వస్తే రూము ఇయ్యి. తోడు గీడు అని ఎవురి పేరూ రాయొద్దు. ఈమెకే కాదు, ఎవురొచ్చినా అంతే." ఆయన పెట్టిన రూలును ఆయనే అలా తీసేశాడు. నాకు ఆ మాట ముందే అడిగే ధైర్యం ఉంటే అన్నగా అవతారం ఎత్తే పనే ఉండేది కాదు. ఇరవై రెండు రూముల లాడ్జిలో యజమానితో ఒక్క మాట వాదించడం కన్నా రిజిస్టరులో అబద్ధం రాయడమే నాకు సులువనిపించింది.

రూము ఉంటుందని కావలికి కార్డు రాశాను. జవాబు రాలేదు.

జూన్‌లో ఒక రోజు ఆమే వచ్చింది. "రూము ఉందా సార్?" అంది. సార్ అంది. నాకు తగిందే అనుకుని తాళంచెవి ఇచ్చాను. ఆ సాయంత్రమంతా నేను మేడ మెట్లు ఎక్కలేదు. చదువుతోందో లేదో, ఫ్యాను తిరుగుతోందో లేదో, ఒక్కసారి వెళ్ళి తలుపు తట్టి వస్తే ఏం పోయిందని లోపల ఒకటే పీకింది.

ఫలితం ముందే చెప్పేస్తాను, నీకు ఆత్రంగా ఉంటుంది. ఆమె పాసైంది. ఆగస్టుకు ముందే సర్టిఫికెట్టు ఆఫీసులో చూపించింది, ఉద్యోగం నిలబడింది. అందులో నేను చేసిందేమిటో కూడా చెబుతాను.

పరీక్ష రోజు పొద్దున కాలం కాని కాలంలో చినుకులు మొదలయ్యాయి. స్కూటరు గుమ్మం ముందే ఉంది. మునుసామి దానివైపు చూసి, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. తొమ్మిదింటికి రమణమ్మ కిందికి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఆకాశం వైపు చూసింది. అంతలోనే అటో ఇటో తేల్చుకోలేనట్టు నా వైపు తిరిగింది. గొడుగు ఇవ్వనా, ఆటో పిలవనా, వెంట రానా అని నోటిదాకా వచ్చింది. రెండు చేతులూ టేబులు కింద పెట్టుకుని, వేళ్ళు పెనవేసుకున్నాను.

"వెళ్ళిరామ్మా" అన్నాను.

ఆమె కొంగు తల మీద కప్పుకుని వాలాజా రోడ్డు వైపు నడిచింది. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదిన్నర అయింది. పది అయింది. తలుపు మూసేసి ఉంటే తిరిగి రావాలి కదా అని వీధి వైపే చూస్తున్నాను. పదిన్నర, పదకొండు. రమణమ్మ తిరిగి రాలేదు. అప్పుడు లేచి మంచినీళ్ళు తాగాను.

మీ తాత ఇరవై ఆరేళ్ళ సర్వీసులో బాగా చేసిన పని ఏది అని మీ క్లాసులో ఎవరైనా అడిగితే, అమ్మాయీ, ఇదే చెప్పు. ఆ రోజు పొద్దున రెండు గంటలసేపు మా తాత కుర్చీలోంచి లేవలేదు అని.